కంప్రెసర్ వాల్వులు పోయాయని చెప్పే ముందు ఇలా చెక్ చేయండి

ఎండలు ముదిరితే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. "అన్నా, సక్షన్ ఎక్కువ చూపిస్తోంది, కూలింగ్ లేదు, వాల్వులు పోయినట్టేగా, ఓనర్‌కి చెప్పేయనా?" అవతల ఏసీ మెకానిక్ తమ్ముడు గేజీ ముందు నిలబడి ఉంటాడు, ఓనర్ అతని వెనక నిలబడి ఉంటాడు, ఇద్దరికీ టెన్షనే. నేనేమో స్కూటర్ మీద ఉంటాను. ప్రతిసారీ ఫోన్లో సగం సగం చెప్పడం కుదరక మొత్తం ఒకచోట రాస్తున్నా.

ఒక్క గేజీ రీడింగ్ చూసి కంప్రెసర్ పోయిందనకండి. సక్షన్ (కంప్రెసర్లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్) ఎక్కువ, డిస్చార్జ్ (అందులోంచి నొక్కి పంపే గ్యాస్ ప్రెషర్) తక్కువ, ఆంప్స్ (లాగే కరెంటు) తక్కువ, ఈ మూడూ ఒకేసారి ఉంటే అది అనుమానం మాత్రమే. పంప్‌డౌన్ (గ్యాస్ వచ్చే దారి మూసి, కంప్రెసర్ ఎంత లాగుతుందో చూడడం) చేసి చూశాకే నిర్ధారణ. ఈ తేడా తెలియక నేనూ ఒకసారి పరువు పోగొట్టుకున్నా, ఆ కథ కింద వస్తుంది.

ముందు మీ ముందున్నది ఏ కంప్రెసరో చూసుకోండి

పిస్టన్ కంప్రెసర్లో, అంటే రెసిప్రొకేటింగ్‌లో, ప్రతి సిలిండర్ మీదా సక్షన్ రీడ్ ఒకటి, డిస్చార్జ్ రీడ్ ఒకటి ఉంటాయి. బ్లేడు లాంటి పల్చటి స్ప్రింగ్ స్టీలు రేకులు అవి. ఇళ్ళలో స్ప్లిట్ ఏసీలకు ఎక్కువగా వచ్చే రోటరీలో సక్షన్ వాల్వే ఉండదు, డిస్చార్జ్ రీడ్ ఒక్కటే. "రోటరీలో సక్షన్ వాల్వ్ పోయింది" అని ఎవరైనా బిల్లు రాస్తే నవ్వి ఊరుకోండి. స్క్రోల్ (ఒకదాన్లో ఒకటి తిరిగే రెండు చుట్టలతో గ్యాస్ నొక్కే కంప్రెసర్) లోపల రీడ్ వాల్వుల మీద నడిచేది కాదు, దాని లెక్క వేరు. కింద చెప్పే దశలు ప్రధానంగా సర్వీస్ వాల్వులున్న (పైపు దారి చేత్తో మూసే, తెరిచేవి) సెమీ హెర్మెటిక్ (బోల్టులు విప్పి లోపల బాగుచేయగలిగే) పిస్టన్ కంప్రెసర్లకు, అంటే కోల్డ్ రూములు, ఐస్ ప్లాంట్లు, పాత పెద్ద ఏసీలకు. స్ప్లిట్ ఏసీ, ఫ్రిజ్ సంగతి చివర్లో చెబుతా.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉండే అమ్మోనియా మెషిన్ల జోలికి ఇది చదివి వెళ్ళొద్దు. అక్కడ మాస్కు, అనుభవమున్న ఆపరేటర్ లేకుండా ఒక్క నట్టు కూడా తిప్పకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మానిఫోల్డ్ గేజీలు (తక్కువ వైపు గేజీ వాక్యూమ్ కూడా చూపించాలి, ముల్లు సున్నా మీద నిలుస్తోందో లేదో ముందే చూసుకోండి), క్లాంప్ మీటరు, పైపుకి తగిలించే టెంపరేచర్ ప్రోబు, సర్వీస్ వాల్వ్ తిప్పే రాచెట్, అలెన్ కీల సెట్టు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ఒక జంపర్ వైరు. ఆ గ్యాస్‌కి సంబంధించిన ప్రెషర్-టెంపరేచర్ చార్టు ఫోన్లో ఉన్నా చాలు. లేజర్ గన్ ఉంటే మంచిదే గానీ మెరిసే రాగి పైపు మీద అది తప్పు చూపిస్తుంది, అక్కడ నల్ల టేపు అతికించి కొట్టండి.

ఈ మూడు జాగ్రత్తలు చదవకుండా కిందికి వెళ్ళొద్దు

మెషిన్ నడుస్తుండగా డిస్చార్జ్ సర్వీస్ వాల్వ్ ఎప్పుడూ మూయకండి. కంప్రెసర్ హెడ్డు (సిలిండర్ పైమూత) పగులుతుంది, ఎదురుగా మీ ముఖం ఉంటుంది.

స్క్రోల్‌ని వాక్యూమ్‌లోకి లాగొద్దు. లోపల టెర్మినల్స్ దగ్గర స్పార్క్ వస్తుంది, స్క్రోల్ కూడా వేడెక్కి పాడవుతుంది. బాగున్న కంప్రెసర్‌ని టెస్టు పేరుతో చంపిన వాళ్ళని చూశాను.

ఆర్290, ఆర్600ఏ మండే గ్యాసులు. ఆర్32 కూడా కొంతవరకు మండేదే. వాటి దగ్గర వెల్డింగ్ టార్చి, సిగరెట్టు వద్దు.

ఇక పని

1. ముందు మెషిన్‌ని నడవనివ్వండి. కనీసం 15 నిమిషాలు. ఇప్పుడే డోర్ మూసిన వేడి కోల్డ్ రూములో సక్షన్ ఎక్కువే ఉంటుంది, అది జబ్బు కాదు. ఈలోగా కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) ఫ్యాను తిరుగుతోందా, లోపలి కాయిల్ మీద ఐసు కట్టిందా, డోర్ గ్యాస్కెట్ ఎలా ఉంది, ఇవన్నీ చూసేయండి. ఐదు నిమిషాల పని.

2. మూడు రీడింగులూ ఒకేసారి రాసుకోండి. సక్షన్, డిస్చార్జ్, ఆంప్స్. గుర్తుంటుందిలే అనుకోకండి, గోడ మీద చాక్‌పీసుతో అయినా సరే రాయండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాల్వులు పోయినా హెడ్ ప్రెషర్ (డిస్చార్జ్ ప్రెషరే) మరీ కిందికి పడిపోదు. కండెన్సర్లో లిక్విడ్ ఉన్నంతకాలం బయటి గాలి వేడికి సరిపడే ప్రెషర్ అక్కడ ఉండనే ఉంటుంది. ఆర్22 గ్యాస్ తీసుకోండి, 40 డిగ్రీల దగ్గర దాని ప్రెషర్ సుమారు 208 పీఎస్ఐ. 40 డిగ్రీల ఎండలో నడుస్తున్న మంచి మెషిన్ అయితే హెడ్ ప్రెషర్ 270 నుంచి 300 మధ్య ఉండాలి. మీ గేజీ 220 చూపిస్తోందంటే కంప్రెసర్ కండెన్సర్‌కి పంపే వేడి చాలా తక్కువన్నమాట. "220 ఉంది కదా, బాగానే ఉంది" అనుకునేది ఇక్కడే. అంకె ఒక్కటే చూడొద్దు, బయటి వేడి కన్నా కండెన్సింగ్ టెంపరేచర్ (ఆ హెడ్ ప్రెషర్‌కి చార్టులో ఉన్న డిగ్రీలు) ఎన్ని డిగ్రీలు పైన ఉందో చార్టులో చూడండి. తేడా రెండు మూడు డిగ్రీలే ఉండి, సక్షన్ కూడా ఎక్కువుంటే అప్పుడు అనుమానించండి.

ఆంప్స్‌ని కంప్రెసర్ ప్లేటు మీద రాసినదానితో పోల్చే కన్నా, ఆ మెషిన్ బాగున్న రోజుల్లో ఎంత లాగేదో తెలిస్తే దానితో పోల్చండి. అందుకే కొత్త మెషిన్ పెట్టిన రోజే ప్యానెల్ తలుపు లోపల స్కెచ్ పెన్నుతో ఆంప్స్ రాసి పెడుతుంటాను.

3. దొంగ లక్షణాలను తీసేయండి. గైడు మొత్తంలో ఎక్కువ టైము ఇక్కడ పెట్టండి.

గ్యాస్ తక్కువైతే డిస్చార్జ్, ఆంప్స్ తక్కువే ఉంటాయి, కానీ సక్షన్ కూడా తక్కువ ఉంటుంది. ఇది తేలిక.

లోడ్ ఎక్కువైతే సక్షన్‌తో పాటు డిస్చార్జ్, ఆంప్స్ మూడూ పైకే పోతాయి.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (లోపలి కాయిల్‌కి లిక్విడ్ వదిలేది) బల్బు ఊడి వేలాడుతుంటే సక్షన్ పెరుగుతుంది, కంప్రెసర్ ఒళ్ళంతా చల్లగా చెమట పట్టినట్టు అవుతుంది. వాల్వులు పోయిన కంప్రెసర్ మాత్రం హెడ్డు దగ్గర వేడిగా ఉంటుంది.

ఆయిల్ సెపరేటర్ (డిస్చార్జ్ గ్యాస్‌లోంచి ఆయిల్‌ని వేరు చేసేది) ఉంటే దాని రిటర్న్ పైపు పట్టుకుని చూడండి. మామూలుగా అది కాసేపు వేడెక్కి, కాసేపు చల్లబడుతూ ఉండాలి. ఎప్పుడు చూసినా కాలిపోతుంటే లోపల ఫ్లోట్ తెరుచుకుని ఇరుక్కుంది, వేడి గ్యాస్ నేరుగా క్రాంక్‌కేసులోకి (కంప్రెసర్ కింద ఆయిల్ ఉండే భాగం) వచ్చేస్తోంది. లక్షణాలన్నీ అచ్చం వాల్వులు పోయినట్టే ఉంటాయి. ఆ పైపు మీదున్న చిన్న వాల్వ్ మూసి, ఆయిల్ గ్లాసు మీద కన్నేసి, కొద్దిసేపు నడిపి చూడండి. ప్రెషర్లు దారిలో పడితే దొంగ దొరికినట్టే.

అన్‌లోడర్ (లోడ్ తగ్గితే కొన్ని సిలిండర్ల పని ఆపేది) ఉన్న మెషిన్ అయితే అది ఇరుక్కుని సగం సిలిండర్లు ఖాళీగా తిరుగుతుండొచ్చు. హాట్ గ్యాస్ బైపాస్ సోలనాయిడ్ (వేడి గ్యాస్‌ని తక్కువ ప్రెషర్ వైపు వదిలే కరెంటు వాల్వ్) ఉంటే దాన్నీ చూడండి. హాట్ అండ్ కోల్డ్ ఏసీల్లో రివర్సింగ్ వాల్వ్ లోపల లీకైనా ఇవే లక్షణాలు. ఆ వాల్వ్‌లోకి వచ్చే సక్షన్ పైపుకీ, అందులోంచి కంప్రెసర్‌కి వెళ్ళే పైపుకీ టెంపరేచర్ తేడా రెండు డిగ్రీలు దాటితే ఆ వాల్వ్‌నే అనుమానించాలి.

ఇప్పుడు నా కథ. ఒక ఫంక్షన్ హాలు, త్రీ ఫేజు స్క్రోల్ ప్యాకేజీ ఏసీ. సాయంత్రం రిసెప్షన్. మధ్యాహ్నం వెళ్ళేసరికి సక్షన్, డిస్చార్జ్ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, ఆంప్స్ తక్కువ, కంప్రెసర్ నుంచి గరగరమని మోత. పెళ్ళివాళ్ళ ముందే "లోపల అయిపోయిందండీ, కొత్త కంప్రెసర్ తేవాలి" అనేశాను. మా సీనియర్ వచ్చాడు, టీ తాగాడు, మెయిన్ ఆపి రెండు ఫేజులు అటూ ఇటూ మార్చాడు. రెండు నిమిషాల్లో చల్లటి గాలి. ముందురోజు కొత్త జనరేటర్ కలిపినప్పుడు ఫేజులు తారుమారయ్యాయి, స్క్రోల్ వెనక్కి తిరుగుతోంది, అంతే. పిస్టన్ కంప్రెసర్ సాధారణంగా ఎటు తిరిగినా పంపు చేస్తుంది, స్క్రోల్ చేయదు. లైన్ పని జరిగిన మర్నాడు స్క్రోల్ "పోయింది" అంటే ముందు ఫేజులు చూడండి.

4. పంప్‌డౌన్‌కి సిద్ధం చేయండి. పిస్టన్ మెషిన్ మీద మాత్రమే. సర్వీస్ వాల్వ్ మూత తీసి, స్పిండిల్ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్టుని పావు చుట్టు వదులు చేయండి, లేకపోతే ప్యాకింగ్ చిరుగుతుంది. లో ప్రెషర్ కటౌట్‌కి (ప్రెషర్ పడిపోతే మెషిన్ ఆపే స్విచ్) జంపర్ వేయండి, లేదంటే మధ్యలోనే ట్రిప్ అవుతుంది. హై ప్రెషర్ కటౌట్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

5. సక్షన్ మూసి లాగనివ్వండి. మెషిన్ నడుస్తుండగా సక్షన్ సర్వీస్ వాల్వ్‌ని మెల్లగా లోపలికి, ఆఖరిదాకా తిప్పండి. ఒక్కసారిగా మూస్తే ఆయిల్ నురగెత్తి సిలిండర్లోకి పోతుంది, బాగున్న రీడ్ కూడా విరుగుతుంది. ముల్లు సున్నా దాటి వాక్యూమ్‌లోకి పోవాలి. ఆరోగ్యంగా ఉన్నది ఒకటి రెండు నిమిషాల్లో 20 అంగుళాల వాక్యూమ్ దాకా లాగుతుంది. అక్కడ ఆపేయండి. ఇంకా లాగించాలని ఆశపడొద్దు, మోటారుని చల్లబరిచేది సక్షన్ గ్యాసే, అది లేకుండా ఎక్కువసేపు తిప్పితే వైండింగ్ పోతుంది. ఆయిల్ ప్రెషర్ గేజీ ఉంటే ఒక కన్ను దాని మీద ఉంచండి.

6. ఆపాక ముల్లుని చూడండి. అసలు టెస్టు ఇదే. రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి.

వాక్యూమ్ లాగింది, ఆపాక నిలబడింది: వాల్వులు బాగున్నాయి. వెనక్కి, మూడో దశకి వెళ్ళండి.

వాక్యూమ్ లాగింది, ఆపగానే ముల్లు గబగబా సున్నా దాటి పైకి పోయింది: డిస్చార్జ్ రీడ్, లేదా వాల్వ్ ప్లేటు గ్యాస్కెట్.

ఎంతసేపు తిప్పినా సున్నా దగ్గరే కొట్టుకుంటోంది, ముల్లు వణుకుతోంది: సక్షన్ రీడ్ విరిగి ఉంటుంది, లేదా పిస్టన్ రింగులు అరిగాయి. సక్షన్ రీడ్ విరిగితే గ్యాస్ ముందుకూ వెనక్కీ ఊగుతుంటుంది, అందుకే ఆ వణుకు.

7. వెంటనే నమ్మకండి, మూడుసార్లు చేయండి. ఆయిల్లో కరిగి ఉన్న గ్యాస్ వాక్యూమ్‌లో మరిగి బయటికొస్తుంది. మొదటిసారి ముల్లు పైకి రావడం మామూలే. అది గ్యాసే అయితే రెండోసారి తక్కువ వస్తుంది, మూడోసారి ఇంకా తక్కువ. లీకైతే మూడుసార్లూ ఒకే వేగంతో ఎక్కుతుంది. బాగున్న వాల్వ్ ప్లేట్లు ఎన్నో ఈ ఒక్క తొందరపాటు వల్ల తుక్కు కొట్టుకి పోయాయి.

8. లీకు ఎటునుంచో తేల్చండి. మెషిన్ ఆపి, ఐసోలేటర్ (మెయిన్ స్విచ్) దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోండి. ఇప్పుడు, మెషిన్ ఆగి ఉండగా మాత్రమే, డిస్చార్జ్ సర్వీస్ వాల్వ్ కూడా లోపలికి మూయండి. రెండు గేజీలూ చూడండి. డిస్చార్జ్ ముల్లు దిగుతూ, సక్షన్ ముల్లు ఎక్కుతూ రెండూ మధ్యలో కలిస్తే లీకు కంప్రెసర్ లోపలే. డిస్చార్జ్ కదలకుండా నిలబడి సక్షన్ ఒక్కటే ఎక్కుతుంటే తప్పు కంప్రెసర్‌ది కాదు, మీరు మూసిన సక్షన్ సర్వీస్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. అయ్యాక డిస్చార్జ్ వాల్వ్ తెరిచాకే తాళం తీయండి. ఇది మర్చిపోతే పైన చెప్పిన హెడ్డు పగిలే సంగతే.

9. ఏ సిలిండరో వెతకండి. రెండు మూడు హెడ్లున్న మెషిన్ అయితే, నడుస్తున్నప్పుడు ఒక్కో హెడ్డుకీ ప్రోబు పెట్టి రాసుకోండి. డిస్చార్జ్ రీడ్ లీకైన సిలిండర్‌లో నొక్కిన గ్యాసే వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కబడుతుంది, ఆ హెడ్డు మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూడొద్దు, వంద డిగ్రీలు దాటి ఉండొచ్చు.

ఒక చేపల కోల్డ్ రూము దగ్గర నేను రాసుకున్న లెక్క చూడండి. ఆర్404ఏ, రూము మైనస్ 18కి రావాలి, మైనస్ 4 దగ్గర ఆగిపోయింది. సక్షన్ 22 దగ్గర ఉండాల్సింది 48, బయట 36 డిగ్రీలుంటే హెడ్ ప్రెషర్ 240, ఆంప్స్ 14 ఉండే చోట 9. మూడుసార్లు పంప్‌డౌన్ చేస్తే మూడుసార్లూ ఆపిన పది సెకన్లలో ముల్లు సున్నా దాటింది. ఎడమ హెడ్డు కుడిదాని కన్నా 30 డిగ్రీలు ఎక్కువ. ఇన్ని కలిశాకే హెడ్డు విప్పాను. డిస్చార్జ్ రీడ్ కింద బొగ్గు పొరలా నల్లటి మసి, రీడ్ చివర గోరంత ముక్క లేదు.

విప్పాక

గ్యాస్ రికవరీ చేసి, ప్రెషర్ సున్నా అని చూసుకుని, బోల్టులన్నీ కొంచెం వదులు చేసి హెడ్డుని మెత్తటి సుత్తితో తట్టి గాలి వదలనిచ్చాకే పూర్తిగా తీయండి. అన్ని బోల్టులూ తీసేసి పట్టుకు లాగే అలవాటు మానుకోండి.

విరిగిన ముక్క దొరకాలి. పాత రీడ్‌ని కాగితం మీద పెట్టి, దొరికిన ముక్కలు పేర్చి, పూర్తి ఆకారం వస్తేనే వెతకడం ఆపండి. పిస్టన్ మీద, ప్లేటు సందుల్లో, పక్క సిలిండర్లో చూడండి. ఆ చేపల రూములో గోరంత ముక్క కోసం గంట వెతికాం, చివరికి హెడ్డు లోపలి మూలలో ఆయిల్లో దాక్కుని ఉంది. అది వదిలేసి బిగిస్తే కొత్త ప్లేటుకి ఆయుష్షు ఒక్క రాత్రి.

రీడ్ తిరగేసి వేయడం, ప్లేటుని ఎమెరీ పేపరుతో రుద్దడం చాలాచోట్ల చూస్తుంటాను. వద్దు. నున్నటి వైపే సీటు మీద కూర్చోవాలి, తిరగేస్తే అంచు గరుకు సీటుని తినేస్తుంది. కొనే వీలుంటే ప్లేటు, రీడ్లు, గ్యాస్కెట్లు కలిపి సెట్టుగా మార్చండి. గ్యాస్కెట్ మందం పాతదానితో సరిగ్గా కలవాలి. మందమైనది వేస్తే పిస్టన్ పైన ఖాళీ పెరిగి పంపింగ్ తగ్గుతుంది, పల్చనిది వేస్తే పిస్టన్ వెళ్ళి ప్లేటుకి తగులుతుంది. సిలికాన్ పేస్టు పూయొద్దు, అదే కంప్రెసర్ ఆయిల్ పల్చగా రాస్తే చాలు. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, కంపెనీ చెప్పిన టార్కుకి బిగించండి.

ఎందుకు విరిగిందో తెలియకుండా స్టార్ట్ చేయకండి

రీడ్ ముక్కలుగా విరిగితే ఎక్కువసార్లు కారణం లిక్విడ్ గానీ ఆయిల్ గానీ సిలిండర్లోకి రావడం. కంప్రెసర్ దగ్గర సూపర్‌హీట్ (గ్యాస్ ఆవిరయ్యే టెంపరేచర్ కన్నా సక్షన్ పైపు ఎన్ని డిగ్రీలు ఎక్కువో) 10, 11 డిగ్రీల కన్నా తక్కువుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, దాని బల్బు, ఎవాపరేటర్ (లోపలి కాయిల్) ఫ్యాన్లు చూడండి. క్రాంక్‌కేస్ హీటరు పనిచేస్తోందా? రాత్రంతా ఆగి ఉన్న మెషిన్లో గ్యాస్ వెళ్ళి ఆయిల్లో చేరుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే మొదటి దెబ్బ రీడ్‌కే.

రీడ్ మీద మసి కట్టి ఉంటే వేడి కారణం. డిస్చార్జ్ పైపు మీద, కంప్రెసర్ నుంచి జానెడు దూరంలో ప్రోబు పెట్టండి. 105 డిగ్రీలు దాటితే లోపల రీడ్ దగ్గర ఇంకా చాలా ఎక్కువుంటుంది, ఆయిల్ మాడుతుంది. మురికి కండెన్సర్, మరీ ఎక్కువ సూపర్‌హీట్, మరీ తక్కువ సక్షన్, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ చేపల రూములో కండెన్సర్ రెక్కల మధ్య వేలెడు మందం దుమ్ము.

ఇంటి స్ప్లిట్ ఏసీ అయితే

ఇన్వర్టర్ ఏసీ తక్కువ స్పీడులో తిరుగుతుంటే సక్షన్ ఎక్కువ, డిస్చార్జ్ తక్కువ, ఆంప్స్ తక్కువ ఉండడం దాని సహజ గుణం. టెస్ట్ మోడులో పెట్టి పూర్తి స్పీడు వచ్చాకే రీడింగులు చూడండి. ఈ ఒక్క పొరపాటుతో ఎన్ని మంచి కంప్రెసర్లు మారిపోయాయో.

తర్వాత, ఏసీ షిఫ్టింగ్ అప్పుడు చేసినట్టే అవుట్‌డోర్ సన్న పైపు వాల్వ్ మూసి నడపండి. సక్షన్ గబగబా సున్నా వైపు రావాలి. సున్నా దగ్గరకి రాగానే లావు పైపు వాల్వ్ మూసి ఆపేయండి, వాక్యూమ్‌లోకి పోనివ్వొద్దు. ఎంతసేపైనా 30, 40 దగ్గరే వేలాడుతుంటే కంప్రెసర్ వీక్, లేదా మీరు మూసిన వాల్వ్ మూసుకోలేదు. పైపు కనెక్షన్ వదులుగా ఉండగా గానీ విప్పేసి గానీ పంప్‌డౌన్ చేయకండి. గాలి లోపలికి పోయి ఆయిల్‌తో కలిసి, నొక్కుడికి డీజిల్ ఇంజన్ లాగా అంటుకుంటుంది, అవుట్‌డోర్ యూనిట్ పేలిపోతుంది.

ఆపాక ప్రెషర్లు వెంటనే సమానమైపోతున్నాయి కాబట్టి వాల్వ్ లీకు అనే మాట కూడా వింటుంటాను. కెపిలరీ (లిక్విడ్ పోయే సన్నటి రాగి గొట్టం) ఉన్న ఏ సిస్టమైనా ఆపాక కొద్ది నిమిషాల్లో సమానమవుతుంది, అది దాని పద్ధతి.

ఫ్రిజ్ అయితే

గ్యాస్ తక్కువైనా, వాల్వ్ వీకైనా పైకి ఒకేలా ఉంటుంది: ఆగకుండా నడుస్తుంది, డిస్చార్జ్ పైపు గోరువెచ్చగా ఉంటుంది, వాట్స్ తక్కువ. తేడా చెప్పేది సక్షన్ ప్రెషరే. ఆర్134ఏ ఫ్రిజ్ కూలింగ్‌లో పడ్డాక సక్షన్ సున్నా నుంచి ఐదు పీఎస్ఐ దగ్గర ఉంటుంది. గ్యాస్ సరిగ్గా తూచి వేశాక కూడా 20 దగ్గరే కదలకుండా ఉంటే కంప్రెసర్‌ని అనుమానించండి. ఆర్600ఏ అయితే మామూలుగానే వాక్యూమ్‌లో నడుస్తుంది, కాబట్టి ఈ అంకెలు దానికి వాడొద్దు. డిస్చార్జ్ పైపుకి బొటనవేలు అడ్డం పెట్టి పంపింగ్ చూసే పాత పద్ధతి మానేయండి, ముఖ్యంగా ఆర్600ఏ దగ్గర. సీల్డ్ డబ్బా కోసి రీడ్ మార్చడం ఖర్చుకీ, నమ్మకానికీ కుదరదు, కంప్రెసర్ మార్చడమే.

బిగించాక చెక్ చేసేది

నైట్రోజన్‌తో లీక్ టెస్టు, వాక్యూమ్, గ్యాస్, ఇవి మీకు తెలిసినవే. ఆ తర్వాత 5, 6 దశలు మళ్ళీ చేయండి, ఈసారి ముల్లు నిలబడాలి. మొదట రాసుకున్న మూడు అంకెల పక్కనే కొత్తవి రాయండి. రూము ఎంతసేపట్లో టెంపరేచర్‌కి వస్తోందో ఓనర్‌తో గడియారం చూపించి రాయించండి, రేపు గొడవ ఉండదు. వారం తర్వాత ఒకసారి వెళ్ళి ఆంప్స్, డిస్చార్జ్ పైపు వేడి మళ్ళీ చూడండి.

సర్వీస్ వాల్వులు పూర్తిగా వెనక్కి, గ్లాండ్ నట్టులు బిగింపు, మూతలు. ఇక లో ప్రెషర్ కటౌట్‌కి వేసిన ఆ జంపర్. నాది ఎర్రది, రెండు అడుగుల పొడవు, చివర తెల్ల గుడ్డ కట్టి ఉంటుంది. అది తిరిగి నా సంచిలో పడేదాకా ప్యానెల్ తలుపు మూయను.